కార్మిక బీమాకు బాట వేసిన అంబేద్కర్

డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ అనగానే మనకు రాజ్యాంగం గుర్తుకొస్తుంది. ఆయన నాలుగేళ్లు దేశ కార్మిక శాఖను చూసిన సంగతి మాత్రం చాలామందికి తెలియదు. రొయ్యల గుంటల మీద, ఉప్పు మడుల్లో, బోట్ల మీద పనిచేసేవాళ్ల పిల్లలం మనం. మనకు అన్నిటికంటే దగ్గరి సంగతి అదేనని మేము అనుకుంటున్నాం.

అంబేద్కర్ 1891 ఏప్రిల్ 14న మౌలో జన్మించారు. తండ్రి రాంజీ సైన్యంలో సుబేదార్. కొలంబియాలో, లండన్‌లో చదివి వచ్చాక కూడా ఆయన బొంబాయి పరేల్‌లో, మిల్లు కూలీల మధ్యే ఏళ్ల తరబడి కాపురమున్నారు. మిల్లుల్లో కూలి ఎక్కువ వచ్చే నేత విభాగంలోకి అంటరానివారిని రానిచ్చేవారు కాదు. నోటితో పోగు అందుకుంటే మైల అవుతుందనేవారు. 1928 సమ్మె కాలంలో ఆ తలుపులు తెరవాలని ఆయన పట్టుబట్టారు. 1936లో స్వతంత్ర కార్మిక పార్టీ స్థాపించారు.

1942 జూలైలో వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యుడయ్యారు. 1943లో ధన్‌బాద్ బొగ్గు గనిలోకి స్వయంగా దిగి చూశారు. మరుసటి ఏడాది గని కార్మికుల సంక్షేమ నిధి ఏర్పడింది.

పనిలో దెబ్బ తగిలిన కార్మికునికి యజమాని పరిహారం ఇవ్వాలన్న చట్టం 1923లోనే వచ్చింది. కానీ ఆ భారమంతా ఒక్క యజమాని మీదే. బీమా తప్పనిసరి కాదు. చిన్న యజమాని దివాలా తీస్తే కార్మికుని కుటుంబానికి చేతికొచ్చేది శూన్యం. ఇద్దరూ కొంత కొంత జమచేసే నిధి ఉంటే ఇద్దరూ నిలబడతారు. అంబేద్కర్ శాఖలో ఉండగానే 1943లో ప్రొఫెసర్ అదార్కర్‌కు ఆరోగ్య బీమా పథకం తయారుచేసే పని అప్పగించారు. 1944లో నివేదిక వచ్చింది. తర్వాత ప్రసూతి సాయం, పని ప్రమాద పరిహారం కూడా అందులో కలిశాయి. 1946లో ఆయన ఆ శాఖ వదిలారు. చట్టం 1948లో వచ్చింది, 1952 ఫిబ్రవరి 24న కాన్పూర్, ఢిల్లీలలో ఈ.ఎస్.ఐ. మొదలైంది. ఆ తర్వాత నాలుగేళ్లకు, 1956 డిసెంబర్ 6న ఆయన కన్నుమూశారు.

ఇక మన తీరం సంగతి. నాలుగెకరాల గుంట కౌలుకు తీసుకుని ఇద్దరు కూలీలను పెట్టుకున్న రైతు దగ్గరికి ఈ.ఎస్.ఐ. రాదు. ఏరియేటర్ వైరు తగిలి ఒక కూలీ చనిపోతే, చట్టం వర్తించే పనిలో లెక్క ఇలా ఉంటుంది: నెల జీతంలో సగాన్ని వయసును బట్టి ఉన్న గుణకంతో హెచ్చించాలి. ముప్పై ఏళ్లవానికి గుణకం 207.98. జీతం 10,000 అయితే పరిహారం 10,39,900 రూపాయలు. అంత సొమ్ము ఆ రైతు ఎక్కడ తెస్తాడు? అందుకే సాధారణ బీమా కంపెనీలు ఉద్యోగుల పరిహార పాలసీ ఇస్తాయి. జీతాల మొత్తాన్ని, పనిలోని ప్రమాదాన్ని బట్టి ప్రీమియం ఉంటుంది. కూలీల సంఖ్యను, జీతాన్ని ఉన్నదున్నట్టు రాయించాలి. తగ్గించి రాయిస్తే ఆపదలో చిక్కు తప్పదు.

మా ఇంట్లో డిగ్రీ చదివింది మేమే మొదట. చదువుకున్నవాళ్లం ఊళ్లో చేయగల పని ఒకటుంది. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఈ సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు, అమ్మానాన్నలు పనిచేసే చోట బీమా ఉందా అని అడగండి. లేకపోతే యజమానికి మర్యాదగా ఈ లెక్క చెప్పండి. అది ఆయన మేలు కూడా. జయంతినాడు పూలదండ వేయడంతో పాటు ఈ పని కూడా చేద్దాం.