తుపానుకు పేరు పెట్టిన కెప్టెన్

డిసెంబరులో లంబసింగి వెళ్లారా? తెల్లారే మంచు కోసం టెంట్‌లో వణుకుతూ పడుకుంటే ఫోన్‌లో అలర్ట్: బంగాళాఖాతంలో వాయుగుండం. మబ్బు పడితే ఇంకేముంది, ఆ చలీ ఉండదు, ఆ మంచూ ఉండదు. నాకదే జరిగింది.

నాకు పోయింది ఒక ట్రిప్పు. 1789 డిసెంబరులో ఇదే బంగాళాఖాతంలో లేచిన తుపాను మన కోరింగ రేవునే ముంచేసింది. మూడు పెద్ద అలలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఊరు కొట్టుకుపోయింది, ఓడలు పోయాయి, వేల మంది చనిపోయారు. ముందుగా చెప్పేవాళ్లే లేరు.

ఆ వివరాలు గ్రంథస్థం చేసిన వాళ్లలో హెన్రీ పిడింగ్టన్ ఒకరు. 1797లో ఇంగ్లండ్‌లో పుట్టి, సరుకు ఓడల కెప్టెన్‌గా పనిచేసి, కలకత్తాలో స్థిరపడ్డారు. అక్కడ ఓడ ప్రమాదాలపై విచారణ కోర్టుకు అధ్యక్షుడయ్యారు. మరొకరైతే ఫైలు మూసేసేవారేమో. ఈయన తుపానుల్లో చిక్కిన ఓడల లాగ్‌బుక్‌లన్నీ సేకరించారు. మన భాషలో చెప్పాలంటే, డేటా.

అందులో 'చార్లెస్ హెడిల్' కథ చూడండి. 1845 ఫిబ్రవరిలో మారిషస్ దగ్గర తుపానులో చిక్కిన ఈ చిన్న ఓడ గాలివాటున ఐదు రోజులు పరుగెత్తింది. ఎంతో దూరం వెళ్లామనుకున్నారు పాపం. లెక్క వేసి చూస్తే తుపాను కేంద్రం చుట్టూనే తిరిగారు! ఓడ మాత్రం బతికి బయటపడింది. గాలి సుడి తిరుగుతుందనడానికి పిడింగ్టన్‌కు ఇంతకంటే రుజువేం కావాలి?

1848లో నావికుల కోసం పుస్తకం రాశారు. చుట్ట చుట్టుకున్న పామును గుర్తుచేసే గ్రీకు మాట నుంచి 'సైక్లోన్' అనే పేరు పుట్టించింది అందులోనే. దాంతోపాటు పారదర్శకమైన కొమ్ము రేకుల మీద గాలి వలయాలు గీసి ఇచ్చారు. మ్యాపు మీద రేకు పెట్టి, వీచే గాలి దిక్కు సరిపోల్చితే కేంద్రం ఎటుందో తెలుస్తుంది. మన వైపైతే, గాలికి ఎదురుగా నిలబడితే కేంద్రం దాదాపు కుడిచేతి వైపు ఉంటుంది. ఓడను రెండోవైపు తిప్పుకోవచ్చు. బ్యాటరీ అక్కర్లేని యాప్ అన్నమాట.

1853లో గవర్నర్ జనరల్‌కు ఒక లేఖ రాశారు. కలకత్తా దగ్గర మాతలా నది మీద కొత్త రేవు కట్టొద్దనీ, తుపాను వస్తే సముద్రం దాన్ని ముంచేస్తుందనీ హెచ్చరించారు. ఎవరూ పట్టించుకోలేదు. 1858లో ఆయన కన్నుమూశారు. పోర్ట్ కానింగ్ కట్టారు. 1867లో తుపాను వచ్చి దాన్ని ముంచేసింది. ఆ రేవు మళ్లీ కోలుకోలేదు.