రాతిమొక్కల బారసాల

కుండీలో నాలుగు గులకరాళ్ళు. మామూలు రాళ్ళే అనుకుని పట్టించుకోం. ఓ మధ్యాహ్నం చూస్తే ఒక రాయి నడుమ చీలికలోంచి పసుపుపచ్చని పువ్వు! అచ్చం చిన్న చామంతిలా. అప్పుడు తెలుస్తుంది అది రాయి కాదని. లిథాప్స్ అనే ఈ రాతిమొక్కను మొదటిసారి చూసినవాళ్ళు వేలితో తాకి చూడకుండా ఉండలేరు.

దక్షిణాఫ్రికా, నమీబియాల్లోని ఎండుభూములు వీటి పుట్టిల్లు. 1811లో విలియం బర్చెల్ అనే యాత్రికుడు ప్రీస్కా దగ్గర వింతగా ఉందే అని ఓ గులకరాయిని తీయబోతే అది కాస్తా మొక్క అయింది. అలా మొదలైంది వీటి కథ. కానీ ఈ మొక్కలకీ, వీటి అక్కచెల్లెళ్ళకీ వందలకొద్దీ పేర్లు పెట్టి పుస్తకాలకెక్కించింది మాత్రం ఒక స్త్రీ. ఆమె లూయీసా బోలస్.

1877 జులై 31న బర్గర్స్‌డార్ప్ అనే చిన్న ఊళ్ళో పుట్టింది. అప్పటి ఇంటిపేరు కెన్సిట్. టీచర్ ట్రైనింగ్ అయ్యాక కొన్నాళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పింది. తర్వాత కేప్‌టౌన్‌లోని సౌత్ ఆఫ్రికన్ కాలేజీలో చేరి 1902లో బి.ఏ. పూర్తిచేసింది. ఇంతకీ ఏం చదివిందంటారు? సాహిత్యం, తత్వశాస్త్రం! వృక్షశాస్త్రంలో ఆమెకు డిగ్రీ లేదు.

మొక్కల గురించి నేర్చుకున్నదంతా బంధువు హ్యారీ బోలస్ దగ్గరే. ఆయన వృత్తి స్టాక్ బ్రోకరు. చిన్నవయసులోనే కొడుకు పోతే ఆ దిగులు మరిచిపోవడానికి ఒక స్నేహితుడు మొక్కలు సేకరించమని సలహా ఇచ్చాడట. 1865లో అలా మొదలుపెట్టిన ఎండుమొక్కల భాండాగారమే బోలస్ హెర్బేరియం. సెలవుల్లో వెళ్ళి అందులో సాయం చేసే లూయీసాను 1903లో దానికి క్యూరేటర్‌ని చేశారాయన. 1911లో ఆయన పోయారు. హెర్బేరియం కాలేజీకి దక్కింది. మరుసటి ఏడు లూయీసా ఆయన కొడుకు ఫ్రాంక్‌ని పెళ్ళిచేసుకుని ఆ ఇంటి కోడలైంది. హ్యారీ భార్య కూడా కెన్సిట్‌ల ఆడపడుచే కాబట్టి, మనవైపు వరసలు లెక్కేస్తే తల తిరుగుతుంది లెండి!

పెద్దాయన ఉన్నంతకాలం ఆయన సహాయకురాలు. ఆయన పోయాక ఆ బీరువాల భారమంతా ఆమెదే.

అసలు చిక్కు ఆ బీరువాల్లోనే ఉంది. మామూలు మొక్కనైతే కాగితాల మధ్య పెట్టి నొక్కి ఆరబెడితే యాభై ఏళ్ళ తర్వాత కూడా గుర్తుపట్టొచ్చు. గంగవాయిలి కూర రెమ్మ ఒకటి పుస్తకంలో పెట్టి చూడండి... నీరు కారి, నల్లబడి, జావైపోతుంది. రాతిమొక్కలు అంతకన్నా మొండివి. పైన ఉన్న గీతలు, చుక్కలు, రంగు, ఏ తేడాలను చూసి వాటిని వేరుచేయాలో అవన్నీ ఎండితే మాయం. అందుకే లూయీసాకు బతికున్న మొక్కలు కావలసివచ్చాయి. వాటిని బతికుండగానే చూసి రాయడం, వాడిపోకముందే బొమ్మలు వేయించడం. మేరీ మాడ్ పేజ్, ఆ తర్వాత బియాట్రిస్ కార్టర్ ఆ బొమ్మలు వేశారు. వాళ్ళ కుంచె లేకపోతే ఆమె కలం సగమే పనిచేసేదనిపిస్తుంది నాకు.

వీటిని పెంచుదామనుకునే వాళ్ళకి ఇక్కడో మాట. మొదటిసారి పెంచేవాళ్ళు చేసే తప్పు ఒకటే, ముద్దు ఎక్కువై నీళ్ళు పోయడం. నేనూ అదే చేశాను. రోజూ చెంబుడు పోస్తే పదిరోజులకి నా రాళ్ళు రెండూ మెత్తబడి కుళ్ళిపోయాయి.

మొక్క అంటే ఉన్నది ఒక జత ఆకులే. నీళ్ళన్నీ వాటిలోనే దాచుకుంటుంది. వేరు కిందికి దిగుతుంది కనుక నాలుగంగుళాల లోతైనా ఉండి అడుగున చిల్లు ఉన్న కుండీ తీసుకోండి. ఒక వంతు మట్టికి మూడు వంతులు ముతక ఇసుక, చితక్కొట్టిన ఇటుకముక్కలు కలపండి. పొద్దుటి ఎండ నాలుగైదు గంటలు తగలాలి. వానాకాలంలో సన్‌షేడ్ కిందికి మార్చాలి, మన కోస్తా ఊళ్ళ ఉక్కపోతలో మరీ జాగ్రత్త. మట్టి పూర్తిగా ఎండి, ఆకుల మీద సన్నని ముడతలు కనిపించినప్పుడే నీళ్ళు. అప్పుడు మాత్రం అడుగునుంచి కారేదాకా పోయండి, నడిమి చీలికలో నిలవనివ్వకండి. పువ్వు రాలాక పాత ఆకుల మధ్యనుంచి కొత్త జత వస్తుంది. పాతవి తమలో ఉన్న తడంతా కొత్తవాటికి ఇచ్చి కాగితంలా ఎండిపోతాయి. అవి ఎండేదాకా చుక్క నీరు కూడా వద్దు. జాలిపడి పోశారో, పాతవి చావవు, కొత్తవి ఎదగవు. కుదురుకుంటే దశాబ్దాలపాటు బతుకుతుంది.

మళ్ళీ లూయీసా దగ్గరికి వద్దాం. ఎక్కడెక్కడి నుంచో మనుషులు మొక్కలు సేకరించేవారు. 1929లో పోస్ట్‌మస్‌బర్గ్ ప్రాంతంలో, తండ్రి పొలంలో జువానిటా ఆకాంప్ అనే ఆమె కంట ఒక రాతిమొక్క పడింది. ఎర్రమట్టి రంగు, పెద్ద పెద్ద ఆకులు. 1932లో లూయీసా దానికి ఆమె ఇంటిపేరు మీదే లిథాప్స్ ఆకాంపియే అని బారసాల చేసింది. ఇవాళ కొత్తగా పెంచేవాళ్ళకి తేలిగ్గా బతికే రకాల్లో ఇదొకటి. ఉప్పునేలల్లో పెరిగే మరో రకానికి 1936లో సాలికోలా అని పేరుపెట్టింది. ఉప్పులో కాపురముండేది అని దాని అర్థం.

పేర్ల విషయంలో పేచీలూ లేకపోలేదు. ఒకప్పుడు ఈ జాతులన్నీ మెసెంబ్రియాంథిమమ్ అనే ఒక్క ఉమ్మడి కుటుంబం. లండన్ క్యూ తోటకు చెందిన ఎన్.ఇ. బ్రౌన్ దాన్ని ముక్కలు చేస్తూ 1922లో లిథాప్స్‌తో వేరుకాపురం పెట్టించాడు. లూయీసా మాత్రం చాలాకాలం పాత ఉమ్మడి పేరునే పట్టుకుని కొత్త మొక్కలు ప్రకటించింది. తర్వాత ఆమే దారి మార్చుకుంది. ఆమె వేరువేరు జాతులన్నవాటిలో చాలావాటిని తరవాతివాళ్ళు ఒకటే అని కలిపేశారు కూడా. అయినా ఆ వర్ణనలు, ఆ బొమ్మలు ముందుండబట్టే కదా ఏది ఏదో తేల్చగలిగారు!

ఇంత పనిలోనూ కిర్‌స్టెన్‌బోష్ తోటకు వచ్చే బడిపిల్లలకు మొక్కల పాఠాలు చెప్పేది. మొదటి ఉద్యోగం మరిచిపోలేదన్నమాట.

1955లో క్యూరేటర్ పదవి వదిలింది. లెక్కపెడితే 52 ఏళ్ళు. అప్పటికి వయసు 78కి అటూఇటూ. ఇంటికి వెళ్ళి కూర్చుందా అంటే లేదు. ఈ కుటుంబంపై విడతలు విడతలుగా రాస్తున్న గ్రంథం మూడో భాగం 1958లోగాని పూర్తికాలేదు. 1970 ఏప్రిల్ 5న కేప్‌టౌన్‌లో కన్నుమూసింది. అప్పటికి 92 ఏళ్ళు.

నేలమీది మొక్కలకు పేర్లు పెట్టినవాళ్ళలో ఆడవాళ్ళెందరని 2015లో ఒక పరిశోధన లెక్కతీసింది. 260 ఏళ్ళలో స్త్రీలు పెట్టినవి మూడు శాతం కూడా లేవు. ఆ స్త్రీలలో అందరికన్నా పైన ఉన్న పేరు లూయీసా బోలస్‌దే, 1,494 జాతులతో.

ఇప్పుడు ఆ ఎండుభూముల్లో దొంగలు పడ్డారు. లిథాప్స్‌నీ, దాని చెల్లెలు కోనోఫైటమ్‌నీ గోతాలకొద్దీ పెరికి విదేశాలకు అమ్ముతున్నారు. అందుకే కొనేటప్పుడు విత్తనంతో పెంచిన మొక్కేనా అని నర్సరీవాళ్ళను అడగండి. ఒకేసారి మొలిచిన చిన్నచిన్న మొక్కలు ఒకే ట్రేలో వరసగా ఉంటే అవి దాదాపు విత్తనపు మొక్కలే. ఓపిక ఉంటే మీరే విత్తనాలు చల్లుకోవచ్చు. ఎండిన కాయ మీద రెండు నీటిచుక్కలు వేసి చూడండి, నక్షత్రంలా విచ్చుకుంటుంది. పువ్వు చూడాలంటే మాత్రం మూడేళ్ళు ఆగాలి.