ఆ గంట నిద్ర

మన చిలకలగూడకు చేరువలోని బేగంపేటలో, 1897లో, సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ మలేరియా మూలం కోసం దోమలను కోసి చూసేవారు. రెండేళ్ళ శ్రమ ఫలించక విసిగిపోయారు. దోమలు ఎగిరిపోతాయని ఉక్కలోనూ పంకా వద్దనుకున్నారు. ఆగస్టు 20న రోగిని కుట్టిన దోమ కడుపులో కొత్త కణాలు కనిపించాయి. బొమ్మ గీసుకొని, ఇంటికెళ్ళి గంటసేపు నిద్రపోయారు. లేవగానే దారి తోచింది: మిగిలిన దోమలో ఆ కణాలు పెరిగి ఉండాలి. మరునాడు చూస్తే పెరిగే ఉన్నాయి! 1902లో నోబెల్ బహుమతి అందుకున్నారు, 1932లో మరణించారు.

అలసి చావు కోరిన ఏలీయా ప్రవక్తకు దేవుడు ముందు నిద్ర, రొట్టె ఇచ్చి, తర్వాతే పని అప్పగించారు. రాత్రి డ్యూటీలు మోసే తల్లిదండ్రులారా, ఆదివారం సెలవు దొరకకపోతే మరో పూటైనా ప్రార్థనకు, నిద్రకు ఉంచుకోండి.