భూగర్భ శాస్త్రజ్ఞుడు ఫెర్మరు

వంశధార సముద్రమును గలియు కళింగపట్నపు తీరమున, ఇసుకలో ఎఱ్ఱని రేణువులు మెఱయుచుండును. అవి తూర్పుకనుమల శిలలనుండి నీట కొట్టుకొనివచ్చిన గార్నెట్టు కణములు. ఈ ఖనిజము నాధారముగా గొని భూగర్భ రహస్యమును ఛేదింప యత్నించినవాడు ఫెర్మరు.

లూయిస్ లీ ఫెర్మరు 1880లో లండను నగరమున జన్మించెను. 1902లో భారత భూగర్భ పరిశోధన శాఖయందు చేరి, మాంగనీసు గనులను పరిశీలించుచు విజయనగర ప్రాంతమునకు వచ్చెను. కోడూరు గనులలోని గార్నెట్టుతో గూడిన వింతశిలకు, ఆ యూరి పేరిట కోడూరైటు అని పేరిడెను. అది కరిగిన శిలాద్రవము చల్లాఱగా నేర్పడినదని ఆతడు తలంచెను. తరువాతి పరిశోధకులు పెక్కురు అందులకు అంగీకరింపలేదు.

1913లో ఆతడు మఱియొక ఊహను వెల్లడించెను. గార్నెట్టు అధిక పీడనమునకు గుఱుతు. అగ్నిపర్వతములు వెడలగ్రక్కు బసాల్టు, మిక్కిలి లోతున గార్నెట్టుగల ఎక్లోజైటుగా మాఱునని ఆతని భావము. బసాల్టు నీటికంటె సుమారు మూడు రెట్లు బరువు. ఎక్లోజైటు దాదాపు మూడున్నర రెట్లు. దృఢతయు హెచ్చగుటచే భూకంప తరంగములు అందు మఱింత వడిగా సాగును.

ఫెర్మరు 1954లో మరణించెను. 1960 దశకమున ప్రయోగశాలలలో బసాల్టును తీవ్ర పీడనమునకు లోనుచేయగా, అది ఎక్లోజైటుగా మాఱెను. ఆతని యూహలలో ఒకటి నిలువలేదు, ఒకటి నిలిచెను. రెండింటికిని మూలము చేతికందిన చిన్న రాతికణమే.