వైద్యశాస్త్రజ్ఞుడగు అలోయిస్ ఆల్జైమరు

వృద్ధులలో కొందఱు తమ బిడ్డల పేర్లు మఱచుటయు, భోజనము చేసిన కొంతసేపటికే అన్నము పెట్టలేదనుటయు, చిరకాలము నివసించిన వీధిలోనే దారి తప్పుటయు మన మెఱిగినదే. దీనిని మన యిండ్లలో ఛాదస్తమని, ముదిమి గుణమని చెప్పుకొని యూరకుందుము. కాని వయసుతో వచ్చు సామాన్యమైన మఱపు వేఱు. మెదడును క్రమక్రమముగా క్షీణింపజేయు వ్యాధి వేఱు. ఈ భేదమును లోకము గ్రహించుటకు మార్గము చూపినవారిలో ముఖ్యుడు జర్మనీ దేశీయుడగు అలోయిస్ ఆల్జైమరు. ఆయన చరిత్రమును మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును సంగ్రహముగా తెలుపగోరుచున్నాము.

ఆయన 1864వ సంవత్సరము జూన్ 14వ తేదీని బవేరియా రాజ్యములోని మార్క్‌ట్‌బ్రైట్ అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి దస్తావేజులను ధ్రువపఱచు నోటరీ. ఆయన ఆషఫెన్‌బుర్గ్ పట్టణమున పాఠశాలవిద్య ముగించి, బెర్లిన్, టూబింగెన్, వూర్ట్స్‌బుర్గ్ విశ్వవిద్యాలయములయందు వైద్యము చదివి, 1887లో డాక్టరు పట్టమును పొందెను. ఆ పట్టమునకై వ్రాసిన వ్యాసము చెవిలో గులిమి పుట్టించు గ్రంథులను గూర్చినది. ఇది యెంత స్వల్పవిషయమని నవ్వవలదు. కంటి కానని వస్తువును సూక్ష్మదర్శకయంత్రమునందు ఓపికతో పరిశీలించు అలవాటు ఆయనకు అప్పుడే యబ్బెను.

1888లో ఆయన ఫ్రాంక్‌ఫర్టు నగరమున, మతి చెడినవారికిని మూర్ఛరోగులకును ఏర్పడిన వైద్యశాలలో ఉద్యోగము స్వీకరించెను. దాని యధికారి ఎమిల్ సియోలీ. రోగులను కట్టివేసి నిర్బంధింపక, సాధ్యమైనంతవఱకు స్వేచ్ఛ నిచ్చి, వారితో మాటలాడి చికిత్స చేయవలయునని సియోలీయు ఆల్జైమరును తలంచిరి. మఱుసటి యేట ఫ్రాంజ్ నిస్సిల్ అను వైద్యుడును అచట చేరెను. నాడీకణములు సహజముగా యంత్రమునందు స్పష్టముగా గోచరింపవు. వానికి రంగు పట్టించు విధానమును నిస్సిల్ కనిపెట్టియుండెను. మిత్రులిరువురును పగలు రోగులను చూచుచు, పని ముగిసిన పిమ్మట మృతుల మెదళ్లనుండి తీసిన పలుచని పొరలను పరీక్షించుచుండిరి. 1894లో ఆల్జైమరు సెసిలీ అను ధనికురాలగు వితంతువును వివాహమాడెను. వారికి మువ్వురు బిడ్డలు కలిగిరి. 1901లో భార్య మరణించెను.

ఆ సంవత్సరమే నవంబరు నెలలో ఆగుస్టె అను నామము గల 51 ఏండ్ల స్త్రీ ఆ వైద్యశాలకు తేబడెను. ఆమె మతిమఱపు దుస్సహమై, భర్త యామెను ఇంట నుంచుకొనజాలడయ్యెను. ఆల్జైమరు ఆమె చెంత కూర్చుండి ప్రశ్నించి, ప్రతి జవాబును వ్రాసికొనెను. పేరడుగగా ఆగుస్టె యని చెప్పెను. భర్త పేరడుగగా దానినే మరల చెప్పెను. పెన్సిలును, తాళపుచెవిని చూపగా వాని పేర్లు సరిగా చెప్పి, కొంతసేపటికి తానేమి చూచినదో మఱచెను. తన పేరు వ్రాయుమనగా నడుమ నిలిచిపోయి, తన్ను తానే పోగొట్టుకొంటినని విచారించెను. ఆ వయసున నిట్టి దశ యేల కలుగవలయునని ఆల్జైమరు యోచింపసాగెను.

1903లో ఆయన ఫ్రాంక్‌ఫర్టు విడిచి, ఎమిల్ క్రెపెలిన్ అను ప్రఖ్యాత మానసికవైద్యుని యొద్దకు హైడెల్‌బర్గునకును, అటనుండి ఆయనతోనే మ్యూనిక్ విశ్వవిద్యాలయమునకును పోయెను. అచట కొంతకాలము జీతము లేకయే పనిచేయుచు పరిశోధనాలయమును నడపెను. దూరమున నున్నను ఆగుస్టెను మఱవక, ఆమె స్థితిని తెలిసికొనుచుండెను. 1906 ఏప్రిల్ నెలలో ఆమె మరణింపగా, సియోలీ ఆమె మెదడును చికిత్సాపత్రములతో కూడ మ్యూనిక్‌నకు పంపెను. వెండి లవణములతో రంగు పట్టించి చూడగా ఆల్జైమరునకు రెండు చిహ్నములు కనబడెను. కణముల వెలుపల ఏదో పదార్థము ముద్దలుగా పేరుకొనియుండెను. కణముల లోపల సన్నని పోగులు దారపు చిక్కులవలె పెనవేసికొనియుండెను. ముద్దలను అంతకుముందు కొందఱు చూచియుండిరి గాని, చిక్కులను ఇంత స్పష్టముగా వర్ణించినవారు లేరు.

1906 నవంబరు 3వ తేదీని టూబింగెన్‌లో జరిగిన వైద్యుల సభయందు ఆయన ఈ సంగతిని విన్నవించెను. సభ్యులలో నొక్కడైనను ప్రశ్న వేయలేదు. ఆయన నిరుత్సాహపడి పని మానలేదు. మఱుసటి యేట ఆ విషయమును ప్రకటించి, అట్టి రోగులను మఱికొందఱను పరిశీలించెను. 1910లో క్రెపెలిన్ తన గ్రంథమునందు ఈ వ్యాధికి ఆల్జైమరు పేరే పెట్టెను. 1912లో ఆయన బ్రెస్లౌ విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా నియమింపబడెను. కాని అచటికి పోవు ప్రయాణమందే జబ్బుపడి, పూర్తిగా కోలుకొనక, 1915 డిసెంబరు 19వ తేదీని తన 51వ యేట మరణించెను. ఫ్రాంక్‌ఫర్టులో భార్య సమాధి చెంతనే ఆయనను పూడ్చిరి.

ఇది నడివయసువారికి అరుదుగా వచ్చు వ్యాధియని పెక్కేండ్లు తలంచిరి. 1968లో ఇంగ్లండునందలి న్యూకాసిల్ పండితులు, మతి తప్పిన వృద్ధుల మెదళ్లలోను ఆ ముద్దలను లెక్కించి, అవి హెచ్చినకొలది మతి తగ్గుట చూపిరి. 1984లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున గ్లెన్నర్, వాంగ్ అనువారు ముద్దలలోని అమిలాయిడ్ అను మాంసకృత్తు స్వరూపమును కనుగొనిరి. చిక్కులలోనిది టౌ అను వేఱొక మాంసకృత్తని పిమ్మట తేలినది. అమిలాయిడును తొలగించు లెకానెమాబ్ అను మందునకు 2023లో అమెరికాలో పూర్తి అనుమతి లభించెను. అది తొలిదశయందు వ్యాధివేగమును కొంత తగ్గించునే గాని, పోయిన జ్ఞాపకమును తిరిగి తేజాలదు. వ్యాధిని నిర్మూలించు మందు ఇంకను లేదు.

ఆగుస్టెను గూర్చి ఆల్జైమరు వ్రాసిన పత్రములు 1995లో ఫ్రాంక్‌ఫర్టునందు దొరకెను. ఆమె భోజనవేళ కాలీఫ్లవరు తినుచు దానిని పాలకూర యనిన సంగతి సైతము వానిలో నున్నది. ఎవ్వరు వినని మాటను శ్రద్ధగా విని వ్రాసికొనుటయే ఆయన గొప్పతనమని మాకు తోచుచున్నది.

విద్యార్థులారా, మీ తాతగారో నాయనమ్మగారో అడిగిన ప్రశ్ననే పదిమాఱు లడిగినప్పుడు విసుగుకొనకుడు, పరిహసింపకుడు. పదునొకండవ మాఱును నెమ్మదిగా జవాబు చెప్పుడు. పెద్దలారా, అట్టి మఱపు నానాటికి హెచ్చుచున్నచో ముదిమియని యుపేక్షింపక వైద్యునికి చూపుడు. ఆ మఱపు వారి తప్పు కాదు. వారు మన పేర్లు మఱచినను, వారెవరో మనము మఱవరాదు.