శాంతికై పాటుపడిన సేనాని – ఇట్జాక్ రాబిన్

ఇట్జాక్ రాబిన్ 1922 మార్చి 1వ తేదీన జెరూసలెం నగరమున జన్మించెను. నాడు పాలస్తీనా బ్రిటిషువారి పాలనలో నుండెను. వ్యవసాయ పాఠశాలలో చదివిన ఆ యువకుడు 1941లో పల్మాఖ్ అను యూదుల సైనికదళమున చేరెను. 1948 యుద్ధమున ఒక పటాలమునకు నాయకత్వము వహించెను. 1967లో ఆరుదినముల యుద్ధము నాటికి ఇజ్రాయేలు సర్వసేనాధిపతి యయ్యెను. ఆ యుద్ధమున పశ్చిమతీరము, గాజా వశమయ్యెను. లక్షలాది పాలస్తీనీయులు సైనికపాలనకు లోనైరి. నాటి విజయమే తరువాతి చిక్కులకు బీజమయ్యెను.

1974 నుండి 1977 వరకు ఆయన ప్రధానమంత్రిగా నుండెను. 1987 డిసెంబరులో పాలస్తీనీయుల తిరుగుబాటు చెలరేగినపుడు రక్షణమంత్రిగా కఠినముగా అణచుటకు ఆజ్ఞ యిచ్చెను. ఏండ్లు గడచినను తిరుగుబాటు చల్లారలేదు. ఒక జాతి ఆకాంక్షను బలప్రయోగముచే మాత్రమే రూపుమాపజాలమని ఆయన క్రమముగా గ్రహించెను.

1992లో రాబిన్ మరల ప్రధాని యయ్యెను. నార్వేలో రహస్యముగా సాగిన చర్చలు ఫలింపగా, 1993 సెప్టెంబరు 13న వాషింగ్టనులో ఒడంబడిక జరిగెను. అరాఫత్ నాయకత్వమునందలి విమోచన సంస్థ ఇజ్రాయేలును గుర్తించి, ఉగ్రవాదమును త్యజించుచున్నట్లు ప్రకటించెను. ఇజ్రాయేలు ఆ సంస్థను పాలస్తీనీయుల ప్రతినిధిగా అంగీకరించెను. 1994లో గాజాలో అధికభాగము, జెరికో పట్టణము పాలస్తీనా పాలకులకు అప్పగింపబడెను.

కాని రక్తపాతము ఆగలేదు. 1994 ఫిబ్రవరిలో హెబ్రోను మసీదులో ప్రార్థన సలుపుచున్న 29 మంది పాలస్తీనీయులను ఒక యూదుడు కాల్చి చంపెను. అక్టోబరులో టెలవీవునందు హమాస్ ఆత్మాహుతిదాడిలో బస్సు ప్రేలి 22 మంది మరణించిరి. సంధిని చెరుపగోరువారు ఇరుపక్షములందును ఉండిరి. ఉగ్రవాదులతో పోరు మానకయే చర్చలను సాగించుట రాబిన్ విధానము. బస్సు ప్రేలిన వారమునకే, అక్టోబరు 26న, జోర్డానుతో సంధి జరిగెను. ఆ యేటి నోబెల్ శాంతి బహుమానము రాబిన్, పెరెస్, అరాఫత్ మువ్వురకును లభించెను.

అయినను యూదుల నూతన వలసలు పెరుగుట ఆగలేదు. పాలస్తీనీయులకు ఒడంబడికపై విశ్వాసము సన్నగిల్లెను. భూమి నిచ్చుట ద్రోహమని యూదులలో పలువురు ఆగ్రహించిరి. 1995 నవంబరు 4న టెలవీవు శాంతిసభ ముగించి వెడలుచున్న రాబినును స్వజాతి యువకుడే కాల్చి చంపెను.

1996 ఆరంభమున బాంబుదాడులు మరల ప్రజ్వరిల్లెను. పాలస్తీనా భద్రతాదళముల సహకారము హెచ్చిన పిమ్మట, ఆ దశాబ్దాంతమున దాడులు గణనీయముగా తగ్గెను. 2000లో చర్చలు విఫలమై రెండవ తిరుగుబాటు చెలరేగగా, ఆ ఫలితమును నశించెను. జోర్డాను సంధి మాత్రము నేటికిని నిలిచియున్నది. అచట ఇచ్చిన మాటను ఇరుపక్షముల ప్రభుత్వములు నిలుపుకొనగలిగెను. రాయితీ యొక్కటియే ఉగ్రవాదమునకు మందు కాదు. ఒప్పుకొన్న దానిని నెరవేర్చు శక్తియు, సంకల్పమును ఇరువురకు నున్నచోటనే అది ఫలించును. రాబిన్ జీవితము బోధించు పాఠ మిదియే.