డిటెక్టివ్ యుగంధర్ సృష్టికర్త

తరగతి గదిలో మన అధ్యాపకులు పేరెత్తని రచయితలలో కొమ్మూరి సాంబశివరావు ఒకరు. 1926లో తెనాలిలో జన్మించి 1994లో కన్నుమూసిన ఈ రచయిత తెలుగు పాఠకులకు డిటెక్టివ్ యుగంధర్‌ను, అతని సహాయకుడు రాజును ప్రసాదించారు.

ఆయనను దక్షిణ భారత ఎడ్గార్ వాలెస్ అని వ్యవహరించేవారు. ఎవరీ వాలెస్? 1875లో గ్రీనిచ్‌లో పుట్టిన ఆ శిశువును లండన్ చేపల మార్కెట్టు కూలీ ఒకరు పెంచుకున్నారు. పన్నెండేళ్ళకే చదువు మాని, వీధులలో పత్రికలమ్మి, సిపాయియై, పిదప విలేఖరి అయ్యాడు. 1905లో తొలి నవలను స్వయంగా అచ్చువేసి, పాఠకులకు ప్రకటించిన బహుమతుల మూలంగా అప్పులపాలయ్యాడు. 1932లో బెవర్లీ హిల్స్‌లో మరణించేనాటికీ అప్పులు తీరలేదు. అట్టివాని కథలు కష్టజీవులకు నచ్చడంలో వింత లేదు.

కొమ్మూరివారు ఆ ఫక్కీని అనుసరించినా, మనుషులను మాత్రం మనవారినే తీసుకున్నారు. యుగంధర్ మద్రాసులో మసలుతాడు. ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు అతని సాయం కోరుతాడు. వాక్యాలు చిన్నవి, నిఘంటువుతో పనిలేదు. అద్దె పుస్తకాల దుకాణంలో కొద్ది పైసలకే లభించే ఆ నవల, కూడబలుక్కొని చదివేవానిని సైతం చివరి పుటదాకా లాక్కొనిపోయేది. ఉర్దూ విభాగపు మిత్రులకు ఇబ్నె సఫీని (1928–1980) గూర్చి వేరే చెప్పనక్కరలేదు. ఆయన నవలల కొరకే ఉర్దూ నేర్చినవారున్నారని ప్రతీతి.

పటాన్‌చెరు కర్మాగారాలలో షిఫ్టు చేసి వచ్చే తండ్రుల బిడ్డలు మన కళాశాలలవంటి వాటిలో ఎందరో చదువుతున్నారు. ప్రబంధాల ప్రక్కన యుగంధర్‌కు ఒక అర కేటాయిస్తే గ్రంథాలయానికి అప్రతిష్ఠ కలుగుతుందని కమిటీ పెద్దలు భావిస్తారా? నేను భావించను.